పని నేర్పే పంతులుకు సాధన ఎక్కడ?

లెక్కలో తెలుగో చెప్పబోయే వ్యక్తిని కొన్ని వారాల పాటు ఏదో ఒక బడికి పంపి, పిల్లల ముందు నిలబెట్టి పాఠం చెప్పించాలన్న విషయంలో మన దేశంలో ఎవరికీ పేచీ లేదు. టీచింగ్ ప్రాక్టీస్ అనండి, ఇంటర్న్‌షిప్ అనండి, అది లేకుండా బి.ఇడి. పట్టా రాదు. మోటారు వైండింగో, వెల్డింగో, ట్రాక్టర్ మరమ్మతో నేర్పబోయే వ్యక్తి సంగతి అంత తేలిక కాదు. అతను రెండు చోట్ల నిలదొక్కుకోవాలి. బల్ల దగ్గర అతని చేయి తడబడకూడదు, పిల్లల ముందు అతని మాట తడబడకూడదు. కాబట్టి అతనికి రెండు రకాల సాధన అవసరం: పని జరిగే చోట కొంతకాలం, పాఠం జరిగే చోట కొంతకాలం. కర్ణాటకలోని రాయచూరు జిల్లా గడిచి వచ్చిన దారిని చూస్తే ఈ రెండూ ఒకే మనిషికి, ఒకే శిక్షణలో, స్థిరంగా అందిన కాలం కనబడదు. ఒక ఏర్పాటు పనిని ఇచ్చి తరగతిని మరిచింది, మరొకటి తరగతిని ఇచ్చి పనిని మరిచింది. డబ్బు చాలక ఇలా జరిగిందని సాధారణంగా అంటారు. చరిత్ర చెప్పే కారణం వేరు. పనివాడి శిక్షణను ఒక శాఖ, పంతులు శిక్షణను మరో శాఖ పంచుకున్నాయి. ఆ రెంటి మధ్య ఉన్న మనిషి ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఈ చిక్కు మొదటి నుంచీ లేదు. 1956 దాకా గద్వాల, ఆలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోనివే. గద్వాల నేతగాళ్ల ఇళ్లలో పని నేర్చుకునే చోటూ పని చేసే చోటూ ఒకటే. పిల్లవాడు ముందు కండెలు చుట్టేవాడు, తర్వాత తెగిన పోగులు అతికేవాడు, చేయి కుదిరాక గుంట మగ్గంలో కూర్చునేవాడు. నేర్పే తండ్రికి బోధనలో వేరే సాధన అక్కర్లేదు, ఎందుకంటే నేర్పడం ఉత్పత్తిలో భాగం. పిల్లవాడి తప్పు ఆ పూటే బట్టలో కనబడుతుంది, దిద్దడమూ ఆ పూటే జరుగుతుంది. ఇంత చెప్పి ఆ పద్ధతిని ఆదర్శంగా నిలబెట్టడం మాత్రం సరికాదు. అది కులం గీత దాటలేదు, పై ఇంటి పిల్లవాడికి తలుపు తెరవలేదు. ఎందుకు ఇలా చేయాలి అన్న ప్రశ్నకు తావిచ్చింది తక్కువ. తన రక్తసంబంధం కాని ముప్పై మందికి, నిర్ణీత కాలంలో, కారణాలతో సహా పని నేర్పాల్సి వచ్చినప్పుడు ఆ తండ్రి దగ్గరున్న విద్య ఒక్కటే చాలదు. వృత్తి విద్యా పంతులు అనే కొత్త మనిషి అవసరం పడింది అక్కడే.

ఆ మనిషిని తయారు చేయాలన్న పెద్ద ప్రయత్నాల్లో మొదటిది వార్ధా పథకం. 1937 అక్టోబరులో గాంధీజీ పిలుపు మీద వార్ధాలో సదస్సు జరిగింది. జాకిర్ హుసేన్ సంఘం చేతిపనిని బడి చదువుకు నడుమ నిలిపే ప్రణాళిక రాసింది. ఉపాధ్యాయులకు మూడేళ్ల పూర్తి కోర్సు, అవసరం తొందరపెట్టిన చోట ఏడాది కోర్సు సూచించింది. రాట్నమో మగ్గమో వడ్రంగమో ఒక పని చేతికి రావాలి, దానితోనే లెక్కలూ భూగోళమూ కలిపి చెప్పడం అనుబంధ బడిలో సాధన చేయాలి. ఆలోచనగా ఇది నేటికీ గౌరవించదగినది, రెండు సాధనలనూ ఒక గూటికి చేర్చింది కనుక. ఏడాదిలో మాత్రం ఏ పనీ చేతికి రాదు. పని రాని పంతులు చేతిపనిని రోజుకొక తంతుగా మార్చేస్తాడు. స్వాతంత్ర్యం తర్వాత ఈ పథకం బాటలో నడిచిన బేసిక్ బడుల మీద వచ్చిన ప్రధాన విమర్శల్లో ఇదొకటి. 1950ల మధ్యలో జి. రామచంద్రన్ అధ్యక్షతన మదింపు సంఘం వేయవలసి రావడానికి ఆలోచనకూ అమలుకూ మధ్య పెరిగిన ఈ దూరమే నేపథ్యం. నిజాం ఏలుబడిలోని రాయచూరుకు ఇంకొక అడ్డు కూడా ఉంది. పై స్థాయి ఉపాధ్యాయ శిక్షణకు హైదరాబాదే దిక్కు, అక్కడ పై చదువుల భాష ఉర్దూ. ఇంట్లో కన్నడమో తెలుగో మాట్లాడే పిల్లలకు పాఠం చెప్పబోయే వ్యక్తి తన సాధనంతా మరో భాషలో చేయాల్సి వచ్చేది.

రెండో ప్రయత్నం యుద్ధం నుంచి పుట్టింది. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధ కర్మాగారాలకూ సైన్యానికీ పనివాళ్లు కావాలని సాంకేతిక శిక్షణ పథకం మొదలుపెట్టింది. 1945లో పునరావాసం, ఉపాధి కోసం ఒక డైరెక్టరేట్ జనరల్ ఏర్పడి, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకూ, దేశ విభజన తర్వాత నిర్వాసితులకూ పని నేర్పే బాధ్యత తీసుకుంది. నేర్పేవాళ్లను తయారు చేయడానికి 1948లో బిలాస్‌పూర్ దగ్గరి కోనీలో తొలి కేంద్ర శిక్షణ సంస్థ వెలిసింది. 1950లో క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్, దాని వెంట మనకు తెలిసిన ఐటీఐలు వచ్చాయి. ఇదంతా కార్మిక శాఖ పని. ఇందులోకి వచ్చిన బోధనా పద్ధతికీ యుద్ధ వాసన ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఓడల తయారీ కేంద్రాల్లో కొత్తవాళ్లకు త్వరగా పని నేర్పడానికి చార్లెస్ అలెన్ రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి అది: నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయడం, చేసి చూపడం, చేయించడం, పరీక్షించడం. 1919లో ఆయన పుస్తకం అచ్చయింది. వందేళ్లు దాటినా మన ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణలో ఆ మెట్లు కదలలేదు.

ఆ పద్ధతి విలువ తెలియాలంటే ఫిట్టర్ ట్రేడులో తొలి పాఠాల్లో ఒకటైన ఆకురాయి పట్టడం చూడాలి. ముందు వైస్ ఎత్తు చూస్తారు, దాని పైభాగం నేర్చుకునేవాడి మోచేతికి సరిగ్గా రావాలి. ఎడమ కాలు ముందుకు, శరీరం కొంచెం వాలుగా. ఆకురాయి ముందుకు పోయేటప్పుడే ఒత్తిడి, వెనక్కి వచ్చేటప్పుడు ఉండకూడదు. కొత్తవాడి చేయి ఊగుతుంది, అంచులు అరిగి మధ్య భాగం ఉబ్బెత్తుగా మిగులుతుంది. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు పెడితే ఆ ఉబ్బు వెంటనే తెలిసిపోతుంది. ఇరవై ఏళ్లు ఫిట్టర్‌గా చేసిన మనిషికి ఇదంతా వంట్లో ఉంటుంది, నోటికి మాత్రం రాదు. మామూలు వేగంతో చేసి చూపిస్తాడు, పిల్లవాడికి ఏమీ కనబడదు. ఎదురుగా నిలబడి చూపిస్తాడు, కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎక్కడ ఆగాలో, ఏది ముందు చెప్పాలో, పిల్లవాడి ఆకురాయి చప్పుడు విని తప్పు ఎలా పట్టాలో అతను నేర్చుకోవలసింది నిజమైన కొత్తవాళ్ల ముందు నేర్పుతూనే. బోధనా సాధన ఎందుకని అడిగేవాళ్లకు ఈ అంగుళం ఇనుప ముక్క మంచి జవాబు.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. రాయచూరు మైసూరు రాష్ట్రానికి వెళ్లింది, గద్వాల, ఆలంపురం మహబూబ్‌నగర్ జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. బి. శివరావు సంఘం 1954లో ఇచ్చిన సిఫార్సుల మేరకు ఐటీఐల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు మారిందీ 1956లోనే. విధానం, ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణ మాత్రం కేంద్రం చేతిలో ఉండిపోయాయి. 1960ల్లో కేంద్ర శిక్షణ సంస్థలు మద్రాసు, హైదరాబాదు వంటి నగరాలకు విస్తరించాయి. హైదరాబాదులో విద్యానగర్‌లోని సంస్థ ఇవాళ నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో నడుస్తోంది. అక్కడి ఏడాది కోర్సులో ట్రేడు పనీ ఉంది, బోధనా పద్ధతీ ఉంది, డెమాన్‌స్ట్రేషన్ పాఠాలూ ఉన్నాయి. అయితే ఆ సాధనలో పెద్ద భాగం సంస్థ గోడల మధ్య, తోటి ట్రైనీలే విద్యార్థులుగా సాగేది. ఆకురాయి పట్టడం ముందే వచ్చిన వాళ్లకు ఆకురాయి పట్టడం చెప్పడం అన్నమాట. పదో తరగతి దాటి వచ్చిన, చేయి వణికే రాయచూరు కుర్రవాడు ఆ పాఠంలో ఉండడు. ఉద్యోగంలో చేరాకే, పక్కన దిద్దేవారు లేకుండా, ఇన్‌స్ట్రక్టర్‌కు అతను ఎదురవుతాడు.

విద్యా శాఖ వైపు నుంచి వచ్చిన ప్రయత్నాన్ని కాస్త ఆగి చూడాలి. నా అంచనాలో ఈ మొత్తం కథలో గమ్యానికి దగ్గరగా వచ్చింది అదే. 1952–53 నాటి ముదలియార్ కమిషన్ బహుళార్థక ఉన్నత పాఠశాలలు కావాలంది. వ్యవసాయం, సాంకేతికం, వాణిజ్యం, గృహవిజ్ఞానం, లలితకళలు మామూలు చదువుతో పాటు ఒకే కప్పు కింద నడవాలి. ఆ సబ్జెక్టులు చెప్పేవాళ్లు దేశంలో లేరని తేలాక 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రాంతీయ విద్యా కళాశాలలు పుట్టాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ నిపుణుల సాయం వాటికి అందింది. మైసూరు కళాశాల ఆంధ్రప్రదేశ్, మైసూరు, మద్రాసు, కేరళ నాలుగింటికీ కలిపి పెట్టింది. అంటే 1956లో విడిపోయిన రాయచూరుకూ గద్వాలకూ వృత్తి పంతులు శిక్షణ విషయంలో మళ్లీ ఒకే చిరునామా దొరికింది. సబ్జెక్టు, బోధన విడదీయకుండా నాలుగేళ్ల సమీకృత కోర్సు, ప్రాంగణంలోనే ప్రదర్శన పాఠశాల, ఆపైన దూర ప్రాంతాల సహకార పాఠశాలల్లో వారాల తరబడి ఇంటర్న్‌షిప్ దాని ప్రత్యేకత. విద్యార్థి ఆ ఊళ్లోనే ఉండి, పూర్తికాలం ఉపాధ్యాయుడిలా హాజరు పట్టీ మొదలుకొని పరీక్ష దాకా అన్నీ చూసుకునేవాడు. ఉదయం వచ్చి ఒక పాఠం చెప్పి వెళ్లిపోయే పాత అలవాటు నుంచి ఇది పెద్ద మలుపు.

మరి ఎందుకు నిలవలేదు? కళాశాల పని బాగోలేక అన్న మాట తరచూ వినిపిస్తుంది, కానీ క్రమం చూడండి. బహుళార్థక బడుల పథకం ముందు చతికిలబడింది. సాంకేతిక విభాగం కాగితం మీద ఉన్న చాలా బడుల్లో వర్క్‌షాపు అంతంత మాత్రం, చదివినవాళ్లకు పై దారి మూసుకుపోయింది. బడి లేని పంతులును తయారు చేసే కోర్సుకు బతుకు లేదు. మైసూరులో సాంకేతిక కోర్సు అలా ఆగిపోయి, కళాశాల సైన్సు, భాషల ఉపాధ్యాయుల వైపు మళ్లింది. ఇంటర్న్‌షిప్ అనే ఆలోచన మాత్రం చావలేదు, సాధారణ ఉపాధ్యాయ శిక్షణలోకి పాకింది. 1964–66 కొఠారి కమిషన్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు విశ్వవిద్యాలయాల నుంచి, బడుల నుంచి, ఒకదాని నుంచి ఒకటి వేరుపడి ఉన్నాయని ఎత్తిచూపింది. వృత్తి విద్య దగ్గరకు వచ్చేసరికి ఈ వేర్పాటుకు నాలుగోది కలుస్తుంది: పని జరిగే చోటు నుంచి వేరుపడడం. మైసూరు ప్రయోగం కూడా ఇంటర్న్‌ను ప్రధానంగా బడికే పంపింది. మిల్లుకూ గనికీ పంపడం దాని ముఖ్య లక్ష్యం కాలేదు.

ఆ సమయంలోనే రాయచూరులో పని జరిగే చోట్లు ఎప్పుడూ లేనంతగా పెరిగాయి. లింగసుగూరు తాలూకాలోని హట్టిలో పాత బంగారు గనులను మళ్లీ నడపడానికి 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది, 1972లో దానికి హట్టి పేరు వచ్చింది. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాలకు కోస్తాంధ్ర రైతులు తరలివచ్చి క్యాంపులు వేశారు. వాళ్ల వెంట వరి, వరి వెంట మిల్లులు, ఆయిలింజన్లు, ట్రాక్టర్లు, వాటిని బాగుచేసే షెడ్లు వచ్చాయి. 1985లో కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ మొదలైంది. ఇవాళ ఎనిమిది యూనిట్లతో దాని సామర్థ్యం 1,720 మెగావాట్లు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, డీజిల్ మెకానిక్కు పని నేర్వడానికి జిల్లా దాటనక్కరలేని రోజు వచ్చింది. ఈలోగా కర్ణాటక 1977–78లో పి.యు. (ఇంటర్) స్థాయిలో ఉద్యోగాధారిత కోర్సులు మొదలుపెట్టింది. జనం నోట అవి జె.ఒ.సి. కోర్సులు. తుంగభద్ర ఇవతల ఆంధ్రప్రదేశ్‌లో ఒకేషనల్ ఇంటర్ వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం 1990 నాటికి పదిశాతం, 1995 నాటికి పాతికశాతం విద్యార్థులు వృత్తి కోర్సుల్లో ఉండాలని గురి పెట్టుకుంది. 1992లో ఆ గడువులను అయిదేళ్ల చొప్పున వెనక్కి జరపాల్సి వచ్చింది. విద్యార్థిని పని చోటికి పంపే ఏర్పాటు ఈ కోర్సుల్లో కొంత జరిగింది. అతనికి నేర్పే లెక్చరర్‌ను పంపే ఏర్పాటు జరగలేదు. జె.ఒ.సి. బోధన చాలావరకు పార్ట్‌టైమ్ వాళ్ల భుజాల మీద నడిచింది. తరగతిలో ఎలా నిలబడాలో వాళ్లకు ముందుగా నేర్పినవారు లేరు, పూర్తికాలపు రక్షణ కూడా లేదు. ఆ స్థితిలో కోర్సులు కొన్ని దశాబ్దాలు నిలిచాయంటే అది ఆ లెక్చరర్ల గొప్ప.

మంచి పనివాడు ఎలాగూ నేర్పేస్తాడు, ఈ సాధనలన్నీ అనవసరపు ఖర్చు అని గట్టి వాదన ఒకటుంది. అందులో సగం నిజం ఉంది: పని రానివాడు ఎన్ని లెసన్ ప్లాన్లు రాసినా నేర్పలేడు, బేసిక్ బడుల అనుభవం దానికి సాక్ష్యం. మిగతా సగం ఆకురాయి పాఠం దగ్గరే వీగిపోతుంది. కర్మాగారాలు పంతుళ్లను లోపలికి రానివ్వవు, ప్రమాదమైతే బాధ్యత ఎవరిది అన్నది రెండో వాదన. 1961 అప్రెంటిస్ చట్టం కింద వేలాది కుర్రవాళ్లను కర్మాగారాలు దశాబ్దాలుగా లోపలికి రానిస్తూనే ఉన్నాయి. స్టైపెండ్, బాధ్యత, పని గంటలు అన్నిటికీ చట్టంలో నియమాలున్నాయి. పంతులును ఆ చట్రంలోకి తేవాలని ఎవరూ పట్టుబట్టకపోవడం ప్రభుత్వాల లోపం, దాన్ని కర్మాగారాల మీదకు నెట్టడం న్యాయం కాదు. కాలం చాలదన్న మూడో వాదనకు జర్మనీ వైపు చూడొచ్చు. అక్కడ వృత్తి పాఠశాల ఉపాధ్యాయుడికి సాధారణంగా ఏడాది పని అనుభవం, చదువు ముగిశాక మరో ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పర్యవేక్షణలో బోధన, రెండూ తప్పనిసరి. జర్మనీ ధనిక దేశం కదా అంటారు. 1971లో బెంగళూరులో ఫోర్‌మెన్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ జర్మన్ సహకారంతోనే వచ్చింది. యంత్రాలూ కోర్సులూ తెచ్చుకోగలిగిన మనం పంతులును తయారు చేసే ఆ పద్ధతిని తెచ్చుకోలేకపోయాం.

భాష సంగతి రాయచూరుకు ప్రత్యేకంగా పట్టించుకోవలసింది. ఇక్కడి షెడ్డులో మాట కన్నడం, తెలుగు, దక్కనీ కలగలిసి నడుస్తుంది. పుస్తకం ఇంగ్లిషులోనో కన్నడంలోనో ఉంటుంది. సింధనూరు క్యాంపు నుంచి వచ్చిన పిల్లవాడికి టార్క్ అంటే ఏమిటో చెప్పాలంటే పానా పిడి పొడుగు పెరిగితే బిగింపు ఎందుకు తేలికవుతుందో అతని మాటలో చూపించాలి. బెంగళూరులోనో హైదరాబాదులోనో చేసిన సాధన ఈ ఒడుపు నేర్పదు. శిక్షణ ప్రమాణాలు దేశమంతా ఒకటిగా ఉండాలి కాబట్టి కేంద్ర సంస్థలే మేలు అనేవాళ్ల మాటను నేను తోసిపుచ్చను. పాఠ్యప్రణాళికనూ పరీక్షనూ అక్కడే ఉంచవచ్చు. సాధన మాత్రం పనిచేయబోయే నేల మీద జరగాలి.

ఇప్పటి పరిస్థితి ఆ పాత చీలికనే కొనసాగిస్తోంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బి.ఇడి.ని రెండేళ్లు చేసి ఇరవై వారాల ఇంటర్న్‌షిప్ పెట్టాయి. వ్యాయామ విద్యకు, చిత్రకళకు, ప్రదర్శన కళలకు వేరే కోర్సులను గుర్తించాయి. ఆ జాబితాలో వృత్తి విద్యా ఉపాధ్యాయుడు లేడు. 2025 ముసాయిదాలో నాలుగేళ్ల సమీకృత కోర్సుకు యోగా, వ్యాయామం, సంస్కృతం, కళల శాఖలు ప్రతిపాదించారు, వృత్తి విద్యకు అప్పుడూ చోటు దక్కలేదు. 2020 విధానం ఆరో తరగతి నుంచే పిల్లలకు చేతిపనుల పరిచయం కావాలంటోంది. బడుల్లో ఆ పని చూసే ఒకేషనల్ ట్రైనర్లు చాలాచోట్ల ఏజెన్సీల ద్వారా కాంట్రాక్టు మీద వస్తారు, కొద్ది రోజుల ప్రారంభ శిక్షణతో తరగతిలో అడుగుపెడతారు. రాజ్యాంగంలో 371–జె అధికరణం ఈ ప్రాంతపు యువతకు వృత్తి శిక్షణ సంస్థల్లో సీట్ల కేటాయింపుకు దారి చూపింది. ఆ సీట్లలో కూర్చున్నవాళ్లకు నేర్పేది ఎవరు, వాళ్లు ఎక్కడ తయారవుతారు అన్నది ఆ అధికరణం పరిధిలోకి రాలేదు.

రాయచూరు పక్కనే ఉన్న యెరమరస్‌లో జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఉంది. 1986 విధానం నుంచి పుట్టిన ఈ డైట్‌లకు కేంద్రం రాసిచ్చిన ఏడు శాఖల్లో ఒకటి వర్క్ ఎక్స్‌పీరియన్స్, అంటే చేతిపనుల బోధనకే ఉద్దేశించిన శాఖ. అదే యెరమరస్‌లో 800 మెగావాట్ల యూనిట్లు రెండున్న థర్మల్ కేంద్రం ఉంది, దగ్గర్లోనే రాయచూరు ఐటీఐ ఉంది. ఒక ట్రైనీ సగం ఏడాది విద్యుత్ కేంద్రంలో మెయింటెనెన్స్ సిబ్బంది వెంట, మిగతా సగం ఐటీఐలో అనుభవజ్ఞుడైన ఇన్‌స్ట్రక్టర్ పక్కన, వారానికోసారి డైట్‌లో పాఠం మీద చర్చకు వెళ్లాలంటే అతను జిల్లా కేంద్రం చుట్టుపక్కల దాటి పోనక్కరలేదు. అడ్డుగా ఉన్నది దూరం కాదు. ఈ మూడు సంస్థలూ విద్యా శాఖ, నైపుణ్య శాఖ, ఇంధన శాఖ అని మూడు వేర్వేరు శాఖల కింద ఉన్నాయి. వాటిని ఒక ఒప్పందంలోకి తెచ్చి, ఆ ఏడాదికి స్టైపెండ్ ఇచ్చి, చివర ఇచ్చే పట్టాను ఉపాధ్యాయ విద్యా మండలి చేత గుర్తింపజేయాలి. 1963లో నాలుగు రాష్ట్రాలను ఒక కళాశాల కిందికి తేగలిగిన ప్రభుత్వానికి ఇది మించిన పని కాదు.